హాడ్లాక్ మెంబరు గారి ఏకైక ఉపన్యాసం

మా హాడ్లాక్ ఊళ్ళో కొత్తగా పెళ్ళయిన మగవాడికి ఒక సర్కారీ పదవి ఖాయం. మార్చి మొదటి మంగళవారం ఊరి సభ జరుగుతుంది. ఊరి పెద్దల ఎన్నిక, రోడ్ల పెద్ద ఎన్నిక, కంచెల పెద్ద ఎన్నిక అన్నీ అయిపోయి అందరూ టోపీలు వెతుక్కునే వేళకి, వెనక బెంచీలోంచి ఎవడో కొత్త పెళ్ళికొడుకు పేరు చెబుతాడు. చేతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అంతటితో ఆ పెళ్ళికొడుకు ఏడాది పాటు ఊరి పందుల పెద్ద. ఊరి మీద పడి తిరిగే పందుల్ని పట్టి బందెల దొడ్లోకి తోలడం అతని విధి. చట్టంలో ఉన్న పదవే గాని, దాన్ని పట్టుకుని నిజంగా పందుల వెంట పరిగెత్తినవాడు లేడు. పదవి వచ్చినవాడు నలుగురికీ ఆపిల్ సారా పోయించి, నాలుగు వెక్కిరింతలు పడి, మళ్ళీ మార్చికి ఇంకో పెళ్ళికొడుక్కి ఆ కిరీటం అప్పజెబుతాడు.

1834లో ఆ కిరీటం అల్ఫియస్ విల్మార్త్ నెత్తికెక్కింది. అలా ఆయన రాజకీయ జీవితం పందులతో మొదలైంది. కొందరి రాజకీయ జీవితాలు పందుల మధ్య ముగుస్తాయి, కాబట్టి ఇది మంచి ఆరంభమనే చెప్పాలి.

అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు. ఆరడుగుల పైన ఎత్తు, గొర్రెల మంద, కొండవాలులో రాళ్ళ పొలం, నోట్లో నాలుక మాత్రం లేదు. ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోపు అడిగినవాడు పొగాకు నమిలి ఉమ్మేయవచ్చు. పదవి ఇచ్చినప్పుడు అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. ప్రమాణం చేశాక ఇక అది వేళాకోళం ఎలా అవుతుందో ఆయనకు బోధపడలేదు. ఏప్రిల్లో మంచు కరిగి పందులు బయటపడగానే తాడు పట్టుకుని బయల్దేరాడు. మొదట బందెల దొడ్లోకి తోలింది డీకన్ ఓరిన్ స్లేటన్ గారి ఆడపందిని. డీకన్ అంటే మా చర్చి పెద్ద. ఊరి గుమాస్తా ఆయనే, ఊరి పేదల బాగోగులు చూసేదీ ఆయనే. అలాంటి పెద్దమనిషి పందిని బందెలో పెట్టినవాడు ఊరు పుట్టాక ఇంకొకడు లేడు.

"ఏంటోయ్ అల్ఫియస్, నా పందినే పట్టావంట?" అన్నారు డీకన్ గారు.

అల్ఫియస్ కాసేపు ఆలోచించి, "ముందు అదే ఎదురొచ్చిందండి" అన్నాడు.

డీకన్ గారు ముక్కుసూటి మనిషి. జరిమానా కట్టి పందిని తోలుకుపోయారు. ఆ మర్నాటి నుంచీ అల్ఫియస్‌ని ఊరి పనులకు పిలవడం మొదలుపెట్టారు. ముందు కంచెల తగాదాలు, తర్వాత రోడ్లు, తర్వాత ముగ్గురు ఊరి పెద్దల్లో ఒకడు. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కాడు. ఎక్కడా ఓటు అడగలేదు, ఎక్కడా ఉపన్యాసం చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆయన మాట పెదవి దాకా వస్తే గదా.

కాని ఆ పందుల ఎన్నిక జరిగిన రోజే ఇంకో సంగతి జరిగింది. అది నవ్వుకునేది కాదు, చెప్పడానికి కూడా నాకు మనసొప్పదు. అయినా చెప్పక తప్పదు. మా ఊళ్ళో దిక్కులేనివాళ్ళను ఊరి సభలో పాటపెట్టేవాళ్ళు. ఎవరు తక్కువకి పోషిస్తానంటే వాళ్ళకి అప్పగించేవాళ్ళు. ఊరి ఖర్చు తగ్గుతుందని. ముసలివాళ్ళని అలాగే ఇచ్చేవాళ్ళు, మతి చలించినవాళ్ళని అలాగే ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు ఒక పసిపిల్ల వచ్చింది. పేరు సబ్మిట్ పెక్. రెండేళ్ళది. తల్లీ తండ్రీ ఆ చలికాలం ఒకే వారంలో జ్వరంతో పోయారు. డీకన్ గారు దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి, సిరాబుడ్డి పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు. పాట మొదలైంది. ఒకడు ఒకటన్నాడు, ఇంకొకడు దానికి తక్కువన్నాడు. పిల్ల సిరాబుడ్డి మూత తియ్యడానికి తంటాలు పడుతోంది.

అల్ఫియస్ లేచి నిలబడ్డాడు. "ఊరికే" అన్నాడు.

"ఊరికే అంటే?" అన్నారు డీకన్ గారు.

"ఊరికే అండి. ఊరు నాకేం ఇవ్వక్కర్లేదు."

అంతకన్నా తక్కువకి ఎవరూ పాడలేరు కదా. పిల్ల ఆయనకి దక్కింది. ఆ వెంటనే పందుల పదవీ దక్కింది. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళేసరికి, పెళ్ళయి ఏడు వారాలైన ఆయన భార్య లోవైసా గుమ్మంలో నిలబడి ఉంది.

"పందుల పెద్దని చేశారు" అన్నాడు.

"అది తెలిసిందే. ఆ మూటేంటి?"

దుప్పటి తీసి చూపించాడు. లోవైసా పిల్ల వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది. "పొద్దున మీకు ఉప్పు తెమ్మని చెప్పాను, గుర్తుందా?" అని, పిల్లని అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆ విషయం మీద జరిగిన చర్చ అంతే. వాళ్ళకి తర్వాత పిల్లలు పుట్టలేదు.

మర్నాడు డీకన్ గారు వచ్చి మంచిమాటగానే ఒక మాట చెప్పిపోయారు. "చూడు అల్ఫియస్, పిల్ల ఊరిది. మీరు పెంచేవాళ్ళే గాని కన్నవాళ్ళు కారు. రేపు దాని బంధువులెవరైనా వచ్చి అడిగితే ఇవ్వాల్సిందే. అమ్మా నాన్నా అని అలవాటు చెయ్యకండి. తర్వాత మీకే కష్టం."

పందిని పట్టమంటే పంది పట్టిన మనిషి. పిలవనివ్వద్దంటే పిలవనిచ్చాడా? పిల్ల ఆయన్ని అయ్యగారూ అనీ, లోవైసాని అమ్మగారూ అనీ పిలవడం నేర్చుకుంది. రెండేళ్ళది మోకాళ్ళు పట్టుకుని "అయ్యగాలూ, లండి" అంటుంటే ఊళ్ళో ఆడవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆయనకేం తిరిగేవో ఆయన చెప్పలేదు.

ఇక ఆ పేరు. సబ్మిట్ అంటే లొంగి ఉండు, అణిగి ఉండు అని. మా అమ్మమ్మల కాలంలో ఆడపిల్లలకి అలాంటి పేర్లే పెట్టేవాళ్ళు: ఓర్పు, మౌనం, కృతజ్ఞత. పేరులో ఉన్నది పిల్లలో ఉంటే ఒట్టు. ఆరేళ్ళకి బళ్ళో పంతులమ్మ వేసిన లెక్కే తప్పని చూపించింది. తొమ్మిదేళ్ళకి చర్చిలో ప్రసంగం మధ్యలో "ఇది పోయిన నెల చెప్పిందే" అంది, మెల్లగా అన్నాననుకుని. లోవైసా దాన్ని కోప్పడేటప్పుడు అటు తిరిగి నవ్వుకునేది. అల్ఫియస్ మాత్రం పిల్ల మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి వినేవాడు. తనకి లేని నోరు దేవుడు దానికి కలిపి ఇచ్చాడని ఆయన సంతోషం.

అలా పదేళ్ళు గడిచాయి. 1844 ఆగస్టులో డీకన్ గారికి ఒక ఉత్తరం వచ్చింది. పిల్ల తండ్రికి తమ్ముడు, జేరెడ్ పెక్ అనే ఆయన, న్యూయార్క్ వైపు కాలువ ఒడ్డున పూటకూళ్ళ ఇల్లు నడుపుతున్నాడు. అన్న కూతురు పనికి అందివచ్చే వయసుకొచ్చిందని విన్నాడు. నవంబరు నెలాఖరుకి, చక్రాలు లేకుండా జారే స్లెడ్జి బండి నడిచేపాటి మంచు పడగానే, వచ్చి తీసుకెళ్తానని రాశాడు. ఉత్తరం మర్యాదగానే ఉంది. అదే బాధ, మర్యాద లేకపోతే తిట్టిపోయడానికైనా వీలుండేది.

"చట్టం ఆయన వైపే ఉంది" అన్నారు డీకన్ గారు. "ఒకటే దారి. ఈ పిల్ల ఫలానావారి కూతురు అని చట్టసభ ఒక చట్టం చెయ్యాలి. అలాంటివి చేస్తారు. కాని ఎవరైనా అక్కడ కూర్చుని చేయించాలి."

అల్ఫియస్ టోపీ చేతిలో రెండుసార్లు తిప్పాడు. "అయితే నేను నిలబడతానండి" అన్నాడు.

ఊళ్ళో వారం రోజులు అదే నవ్వు. నోరు విప్పని మనిషి చట్టసభకా అని. కొట్టు దగ్గర చేరినవాళ్ళు "పందుల పెద్దగారూ, అక్కడ తాడు తీసుకెళ్తారా?" అని అడిగారు. అయినా సెప్టెంబరులో ఓట్లు పడ్డాయి. డీకన్ గారు సభలో లేచి, "గడిచిన నాలుగేళ్ళూ బాగా మాట్లాడేవాణ్ణి పంపాం. మనకి ఒరిగిందేమీ లేదు. ఈసారి మాట్లాడనివాణ్ణి పంపి చూద్దాం" అన్నారు. పదకొండు ఓట్ల తేడాతో అల్ఫియస్ హాడ్లాక్ మెంబరు గారయ్యాడు.

ఎందుకు నిలబడ్డాడో లోవైసాకి తెలుసు, డీకన్ గారికి తెలుసు. పిల్లకి చెప్పలేదు.

"దానికి చెప్పరా?" అంది లోవైసా, ఆయన చొక్కాలు సర్దుతూ.

"పని కానీ."

"పని కాకముందు చెబితే ఏం పోతుంది?"

అల్ఫియస్ బూట్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లోవైసాకి అలవాటే. సంచి మూతి కట్టేసింది.

రాజధానిలో రెండువందల ముప్ఫైమంది మెంబర్లు. ఒకడు మాట్లాడుతుంటే పదిమంది దగ్గుతారు, ఇరవైమంది పేపరు చదువుతారు. అల్ఫియస్‌కి కిటికీ పక్కన చోటు దొరికింది. మొదటి రోజే జేబులోంచి కాగితం తీసి గుమాస్తాకి ఇచ్చాడు. అలాంటి కాగితం లాయరు చేత రాయించాలి. అందులో 'యతః', 'అంతట', 'పైన చెప్పబడిన' లాంటివి పుష్కలంగా ఉండాలి. అల్ఫియస్ తనే రాసుకున్నాడు. మాటల్లో ఎంత పొదుపో రాతలోనూ అంతే పొదుపు. ఆ కాగితంలో ఉన్నదంతా ఇంతే: 'సబ్మిట్ పెక్, హాడ్లాక్ అల్ఫియస్ విల్మార్త్‌కు, చట్టప్రకారం.'

మనకి అర్థమవుతుంది. పిల్ల మనకి తెలుసు కాబట్టి. ఆ గుమాస్తా పట్నం కుర్రాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లల పేర్లు కారొలైన్లు, జూలియాలు. సబ్మిట్ అనే ఆడపిల్ల ఉంటుందని అతనికి కలలో కూడా తోచలేదు. సబ్మిట్ అంటే దాఖలు చెయ్యి, అప్పగించు అనుకున్నాడు. మరి పెక్ అంటే? మా దేశంలో పెక్ ఇంటిపేరూ అవుతుంది, ధాన్యం కొలిచే కుంచం కూడా అవుతుంది. సరిగ్గా ఆ ఏడే సర్కారువారు ఊరూరికీ ముద్ర వేసిన సరికొత్త కొలతపాత్రలు పంచుతున్నారు. మెంబర్లందరూ మా ఊరికి కుంచం కావాలి, మా ఊరికి తవ్వ కావాలి అని కాగితాలు పెడుతున్నారు. అతను హాడ్లాక్ కాగితాన్ని వాటితో కలిపి తూనికలు, కొలతల కమిటీకి పంపేశాడు. ఇందులో అతని తప్పేముంది అంటే, నిజానికి ఏమీ లేదు. అయినా నాకు ఇప్పటికీ అతని మీద మంటే.

అల్ఫియస్ వారానికోసారి వెళ్ళి అడిగేవాడు. "నా కాగితం?"

"కమిటీలో ఉందండి."

రెండో వారం: "నా కాగితం?"

"కమిటీ అనుకూలంగా చెప్పిందండి. చివరి రోజుకి మీ చేతికి వచ్చేస్తుంది."

ఆయన ఇంటికి ఒకే ఒక్క ఉత్తరం రాశాడు. అందులో ఒకే మాట: 'అనుకూలం.' లోవైసా ఆ మాటని దువ్వెన పెట్టెలో దాచుకుని రోజుకి నాలుగుసార్లు చూసుకునేది.

నవంబరు మొదటి వారం, సభకి ఆఖరి రోజు. మధ్యాహ్నానికి ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోవాలి. పొద్దున పదిగంటలకి ద్వారపాలకుడు నడుమ దారిలో నడిచొచ్చి, అల్ఫియస్ ముందు బల్ల మీద ఒక కుంచం పెట్టాడు. ఇనప పట్టీలు వేసిన కొత్త కర్ర కుంచం, పక్కన కాల్చి వేసిన సర్కారు ముద్ర.

అల్ఫియస్ దాన్ని చూశాడు. వంగి లోపలికి కూడా చూశాడు. పక్క మెంబరు అది చూసి పకపక నవ్వాడు. "అందులో ఏం వెతుకుతున్నారు విల్మార్త్ గారూ?"

ఆయన అప్పుడు గుమాస్తా బల్ల దగ్గరికి నడిచి, తన కాగితం చూపించమన్నాడు. చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది. నాలుగు వారాలు కిటికీ పక్కన కూర్చుని, అనుకూలం అనుకుని, ఆయన సంపాదించింది ఒక కుంచం. జేరెడ్ పెక్ నెలాఖరుకి వస్తాడు. మళ్ళీ సభ వచ్చే అక్టోబరుకి.

తన చోటికి తిరిగొచ్చాడు. కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు. అధ్యక్షుడు కాసేపు చూసి, "హాడ్లాక్ మెంబరు మాట్లాడతారా?" అన్నారు. అది ఆశ్చర్యంగానే అన్నారు.

"అధ్యక్షా, నేనడిగింది ఇది కాదండి."

సభంతా నవ్వు. "మరేం అడిగారు? అరకుంచమా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అల్ఫియస్ ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాడు. ఆగడంలో ఆయన్ని మించినవాడు ఆ సభలో లేడు.

"పిల్లని అడిగానండి. సబ్మిట్ అనేది దాని పేరు. పెక్ ఇంటిపేరు. రెండేళ్ళప్పుడు మా ఊరి సభలో బల్ల మీద పెట్టి పాట పెట్టారు. మీ ఊళ్ళలోనూ పెడతారు, మీకు తెలుసు. నేను తీసుకెళ్ళాను. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. దానికి ఉల్లిపాయ పడదు. ఉరిమితే భయం, కాని భయం లేదంటుంది. అలాంటప్పుడు ఏదో పని ఉన్నట్టు వచ్చి మా దగ్గర కూర్చుంటుంది. పొద్దున్నే లేపితే ఓ గంట మాట్లాడదు, తర్వాత ఇక ఆపదు. ఇప్పుడు వాళ్ళ బాబాయి వచ్చి తీసుకెళ్తానంటున్నాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. కాని ఇవన్నీ ఆయనకి తెలీవు." అని ఊపిరి తీసుకున్నాడు. "దాన్ని నా కూతురని రాసిస్తే చాలండి. కుంచం వెనక్కి ఇచ్చేస్తాను."

ఎవరూ నవ్వలేదు. కొందరు ముక్కు చీదుకున్నారు. పేపరు చదివేవాళ్ళు పేపరు దించారు.

ఆఖరి రోజున కొత్త చట్టం పెట్టాలంటే ఒక నిబంధన ఉంది. అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు అడ్డం చెప్పినా కుదరదు. అధ్యక్షుడు "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడగ్గానే మూడో వరసలో జాడక్ టెనీ లేచాడు. సభ మొత్తం ఉస్సురంది. జాడక్ టెనీ ముసలి లాయరు, ఎవరో ఒక్క మనిషి కోసం చేసే ప్రతి చట్టానికీ అడ్డం పడటం ఆయన వ్రతం. చట్టసభ ఉన్నది నామకరణాలకి కాదని ఆయన వాదన.

"మెంబరు గారూ, పిల్లకి పన్నెండేళ్ళన్నారు. నోరుందా?"

"ఉందండి. చాలా ఉంది."

"ఆ నోటితో ఏమంది? మీ కూతురిగా ఉంటానందా?"

అల్ఫియస్ కుంచం అంచు పట్టుకున్నాడు. అబద్ధం ఆడొచ్చు. ఒక్క 'ఊ' అంటే సరిపోతుంది. ఆ సభలో రోజూ అంతకన్నా పెద్దవి వినబడుతూనే ఉన్నాయి.

"అడగలేదండి" అన్నాడు.

"పదేళ్ళు ఇంట్లో పెట్టుకుని అడగలేదా? ఎందుకని?"

ఈసారి ఆలస్యమైంది. పొగాకు ఒకసారి కాదు, రెండుసార్లు ఉమ్మేయవచ్చు.

"కాదంటుందేమోనని" అన్నాడు అల్ఫియస్.

టెనీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కరిగాడనుకునేరు, కరిగే రకం కాదు. "అయితే నాకు అభ్యంతరమే అధ్యక్షా. ఆ పిల్లని ఒకసారి బల్ల మీద పెట్టి, అడక్కుండా ఇచ్చేశారు. రెండోసారి మనం కూడా అడక్కుండా ఇచ్చేస్తే ఆ ఊరి సభకీ మనకీ తేడా ఏముంది? ఒక ముక్క కలపండి. నెలాఖరులోగా పిల్ల ఊరి గుమాస్తా ముందుకెళ్ళి, పక్కన ఎవరూ లేకుండా, తన నోటితో తను ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చట్టం చెల్లుతుంది. లేకపోతే లేదు. ఆ ముక్క పెడితే నేను కూర్చుంటాను."

ఆ క్షణాన సభలో టెనీని తిట్టుకోనివాడు లేడు. నేనూ చాలాకాలం తిట్టుకున్నాను. వయసు మీద పడ్డాక ఆ ముసలాయన చెప్పింది న్యాయమేనని ఒప్పుకున్నాను. చట్టం ఆ ముక్కతోనే గంటలో గట్టెక్కింది, పై సభ కూడా భోజనాలకి ముందే సరే అంది. అల్ఫియస్ ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మెంబరుగా వెళ్ళాడు. గొర్రెల మీద పడే కుక్కల గురించిన మంచి చట్టం ఒకటి ఆయన చలవే అంటారు, నోరు తెరవకుండా ఎలా చేయించాడో ఎవరికీ తెలీదు. సభలో ఆయన మాట్లాడింది మాత్రం ఆ ఒక్కరోజే.

రెండు రోజులు గుర్రపు బండిలో కుదుపులు తిని ఇంటికొచ్చాడు. గెలిచినవాడిలా రాలేదు, తీర్పు వినడానికి పోయేవాడిలా వచ్చాడు. వంటింట్లో సబ్మిట్ ఆపిల్ పళ్ళు చెక్కి ముక్కలు దారానికి గుచ్చుతోంది. లోవైసా పొయ్యి దగ్గర ఉంది. ఆయన టోపీ తీసి, నిలబడే, చట్టం కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు, టెనీ కలిపిన ముక్కతో సహా. బాబాయి ఉత్తరం సంగతీ చెప్పాడు. తర్వాత కుంచం సంగతి చెప్పాల్సి వచ్చింది. లోవైసా బల్ల మీద తలపెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. పిల్ల నవ్వలేదు.

"విన్నానండి" అంది. దారం ముడేసి, గొర్రెల్ని చూసొస్తానని వెళ్ళింది.

లోవైసా కళ్ళు తుడుచుకుంది. "ఏవండీ, మీరు చదివారు గాని అడగలేదు."

"కాగితంలో ఉంది కదా."

"కాగితం అడిగింది. మీరడగండి."

అడుగుదామనే కొట్టంలోకి వెళ్ళాడు. పిల్ల మేత వేస్తోంది. ఆయన నోరు తెరిచాడు. "గొర్రెలకి ఉప్పు పెట్టావా?" అన్నాడు. పెట్టానంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజు కుంటి గొర్రె కాలి గురించి అడిగాడు. మూడోసారి నేరుగా ఆ మాటే ఎత్తబోయాడు, "సబ్మిట్" అని కూడా అన్నాడు, పిల్ల తిరిగి చూసింది, ఆయన వాతావరణం గురించి ఏదో అన్నాడు. రెండువందల ముప్ఫైమంది ముందు లేచిన గొంతు ఆ ఒక్క పిల్ల ముందు లేవలేదు. కాదంటే ఆ మాట విన్నాక ఎలా బతకాలో ఆయనకి తెలీదు, అంతే.

రోజులు గడిచాయి. లోవైసా తిండి సరిగ్గా తినడం మానేసింది. పిల్ల మాత్రం మామూలుగానే ఉంది. వాగుతుంది, బళ్ళోకి పోతుంది, వస్తుంది. ఊరి గుమాస్తా డీకన్ గారి దగ్గరికి పోతానని గాని పోనని గాని ఒక్క మాట లేదు. మంచు పడింది. స్లెడ్జి బండ్లు కదిలాయి.

నవంబరు ఇరవై ఎనిమిది, గురువారం. లోవైసా పొరుగింటికి వెళ్ళింది. అల్ఫియస్ ఇంటిని ఆనుకునే ఉన్న కొట్టంలో పేడ తీస్తున్నాడు. బయట స్లెడ్జి బండి గంటల చప్పుడు, గుర్రం ఆగిన చప్పుడు. ఎవరో తలుపు తట్టారు. చెక్కల సందుల్లోంచి అన్నీ వినబడతాయి. ఆయన పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"పెక్ వాళ్ళమ్మాయివి నువ్వేనా తల్లీ?" అంది కొత్త గొంతు. మంచి గొంతే. "నేను జేరెడ్ పెక్‌ని."

"ఆ ఇంటిపేరు వాళ్ళు ఇక్కడ లేరండి" అంది సబ్మిట్. "ఇది విల్మార్త్ గారిల్లు. నేను వాళ్ళమ్మాయిని. లోపలికొచ్చి మంట దగ్గర కూర్చోండి, చలిగా ఉంది. మా నాన్న కొట్టంలో ఉన్నాడు, పిలుచుకొస్తాను."

  నడవా తలుపు తీసిన చప్పుడు. సబ్మిట్ గుమ్మంలో నిలబడింది, చేతులకి పిండి.

"నాన్నా, రా. ఆయనొచ్చాడు."

పదేళ్ళ బట్టి అయ్యగారూ, రండి అన్న గొంతే అది. ఆయన ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "డీకన్ గారి దగ్గరికి పోవాలి కదా. ఇంక రెండు రోజులే ఉన్నాయి. గుర్రం కడతాను."

"అక్కర్లేదు. సోమవారమే బడి నుంచి అటే వెళ్ళి చెప్పేశాను. ఆయన పుస్తకంలో రాసుకున్నారు కూడా."

"సోమవారమా?" అన్నాడు అల్ఫియస్. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ తను ఎలా తిరిగాడో తలుచుకున్నాడు. "మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా" అని, సబ్మిట్ ఆయన చేతిలోంచి పార తీసుకుని గోడకి ఆనించింది.